పర్ణశాలలో కొత్త చింతపండు

భద్రాచలం వెళ్ళినవాళ్ళు రాములవారి దర్శనం చేసుకుని, ప్రసాదం కట్టించుకుని అటునుంచి అటే ఇంటికి వచ్చేస్తే యాత్ర సగమే అయినట్టు లెక్క. అక్కడికి 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డునే ఉంది పర్ణశాల. వనవాసంలో సీతారామలక్ష్మణులు ఆకులతో కుటీరం వేసుకున్నది ఇక్కడేననీ, మాయలేడి వచ్చిందీ, రావణాసురుడు సన్యాసి వేషంలో భిక్షకి వచ్చిందీ ఈ గుమ్మంలోకేననీ మనవాళ్ళ నమ్మకం. నాసిక్ వాళ్ళు పంచవటి మా దగ్గరుందంటారు. అననివ్వండి. వాళ్ళ ఊళ్ళో పారేదీ ఈ గోదావరే కదా!

రైల్లో వచ్చేవాళ్ళకి ఒక మాట. 'భద్రాచలం రోడ్' అనే పేరు చూసి దిగితే ఎదురుగా గుడి గోపురం కనపడుతుందనుకునేరు. ఆ స్టేషను కొత్తగూడెంలో ఉంది. అక్కణ్ణించి మళ్ళీ 40 కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి. జిల్లా కూడా ఇప్పుడు ఖమ్మం కాదు, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. జటాయువు పడిపోయిన చోటని చెప్పే ఏటపాక భద్రాచలాన్ని ఆనుకునే ఉన్నా, 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆంధ్రాలోకి వెళ్ళింది. "సీతమ్మని ఎత్తుకెళ్ళింది తెలంగాణలో, పక్షి అడ్డుపడింది ఆంధ్రాలో" అని మావారు దారిపొడుగునా చెప్పి తనే నవ్వుకున్నారు.

కిందటేడు శ్రీరామనవమికి వారం ముందు వెళ్ళాం మేము. మావారూ, నేనూ, పుట్టింటికి వచ్చిన మా అమ్మాయీ, దాని కొడుకూ. వాడికి రెండేళ్ళు నిండి నాలుగో నెల. మాటలు పదో పదిహేనో వచ్చు, అందులో మొదట నేర్చుకున్నది "కావాలి". ఎండకి ఒళ్ళు ఒరుసుకుని ఎర్రగా కందిపోయిందని మా అమ్మాయి వాడికి డైపరు తీసేసి పల్చటి నూలు నిక్కరు వేసింది.

పర్ణశాలలో ముందు కుటీరం చూస్తాం. రాముడూ, సీతా, లేడీ, రావణుడూ బొమ్మలుగా ఉంటారు. చూపిస్తూ కథ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నాకు మాత్రం అంతకంటే సీతవాగు బాగుంది. వేసవి కదా, నీళ్ళు చీలమండల దాకా కూడా లేవు. అక్కడి రాళ్ళు కొన్ని పసుపుపచ్చగా, కొన్ని ఎర్రగా ఉంటాయి. సీతమ్మవారు స్నానం చేసి ఈ రాళ్ళనే అరగదీసి పసుపు కుంకాలుగా పెట్టుకునేదట. బండ మీద చారలు చూపించి, ఆవిడ నారచీర ఆరేసుకున్న గుర్తులంటారు. కట్టుబట్టలతో అడవికొచ్చినా పసుపూ కుంకుమా, బట్టలుతికి ఆరేసుకునే చోటూ చూసుకుందంటే ఎంత ఇల్లాలో అనిపించింది. వానాకాలం వెళ్తే ఇవేవీ కనపడకపోవచ్చు, గోదావరి పొంగితే ఈ చోటంతా నీళ్ళలోకి పోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. అప్పుడు కొట్లు వదిలేసి పిల్లల్ని ఎత్తుకుని పోయామని బొమ్మల కొట్టతను చెప్పాడు.

ఆ బొమ్మల కొట్టు దగ్గరే మా కథ మొదలయింది. గాజులు, పూసలదండలు, కుంకుమ భరిణెలు, దేవుడి పటాలు, వాటి మధ్య పసుపు రంగు మీద తెల్లచుక్కలు పెట్టిన చెక్కజింక. మావాడు దాన్ని చంకలో పెట్టుకుని వదల్లేదు.

"పర్ణశాల కొచ్చి జింకనడక్కపోతే ఇంకేమడుగుతాడమ్మా, సీతమ్మ తల్లికే తప్పలేదు" అన్నాడు కొట్టతను. నూటయాభై చెప్పాడు. మావారు ఎనభై అన్నారు. బేరం ఇప్పట్లో తెమలదని నాకు తెలుసు కాబట్టి పిల్లాడి చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్న చెట్టు నీడలోకి వెళ్ళాను. అక్కడ కోయ ఆడవాళ్ళు ముగ్గురు గోనెపట్టాలు పరుచుకుని తేనె, కుంకుడుకాయలు, కొత్త చింతపండు పెట్టుకుని అమ్ముతున్నారు.

ఆ రోజుల్లో కొత్త చింతపండు కనపడితే ఏ ఇల్లాలికైనా కాళ్ళు ఆగిపోతాయి. ఏడాదికి సరిపడా కొనుక్కునేది అప్పుడే. కొత్తది ఎర్రగా, మెత్తగా, వేలికి అంటుకుంటూ ఉంటుంది, పాతబడేకొద్దీ నల్లబడుతుంది. ఇంటికి తెచ్చి ఈనెలూ గింజలూ తీసి, ఒక ఎండ పెట్టి, కల్లుప్పు కలిపి జాడీలో నొక్కితే మళ్ళీ ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు. లోహపు డబ్బాల్లో మాత్రం పెట్టకండి, పులుపు డబ్బాని తినేస్తుంది.

నేను వంగి ఓ రెబ్బ నోట్లో వేసుకుని పులుపు చూస్తున్నాను. మావాడు జింకని చంకలో పెట్టుకుని పట్టా అంచున నిలబడ్డాడు. ఉన్నట్టుండి గొడవ మానేసి నిశ్శబ్దంగా అయిపోయాడు. రెండేళ్ళ పిల్లాడు అలా కదలకుండా నిలబడ్డాడంటే ఎందుకో తల్లులకి చెప్పక్కర్లేదు. మా అమ్మాయి దూరం నుంచే చూసి, "అయ్యో అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చి వాణ్ణి గబుక్కున ఎత్తింది. ఎత్తటంతో, ఒకచోట పడేది కాస్తా చింతపండు గుట్టని చుట్టి వచ్చింది. వాడికి అది ఆటలా తోచి కిలకిలా నవ్వాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. సీతమ్మకి చీలింది గాని మనకి చీలుతుందా! "పసివాడి ఉచ్చ పన్నీరమ్మా, ఏం కాదు" అన్నాడొక పెద్దాయన. ఆయన కొనేవాడు కాదు. అప్పటికే రెండు కిలోలు తూయించుకున్న ఒకావిడ తన సంచి తెచ్చి అందరూ చూస్తుండగా పట్టా మీద బోర్లించి, "నాకొద్దు" అని వెళ్ళిపోయింది. ఆవిడది ముందే తూచి కట్టిందే, దానికేమీ కాలేదు. ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు కదిలారు. "కాసిని నీళ్ళు చల్లి ఎండలో పడెయ్, రేపు సంతలో ఎవరికి తెలుస్తుంది" అని ఇంకొకావిడ సలహా.

అమ్మే ఆవిడకి యాభై ఏళ్ళుంటాయేమో. అంతసేపూ ఏమీ అనలేదు. ఆ మాటకి మాత్రం తలెత్తి, "తినేదమ్మా ఇది" అంది. అంతే. తడిసిన వైపుదంతా చేత్తో దగ్గరికి లాగి వేరే గుడ్డలో వేసింది. ఇంకొంచెం మేర, తడి తగల్లేదని మాకు కనపడుతున్నదాన్ని కూడా తీసేసింది.

చింతపండు ఊరికే రాదు. మగవాళ్ళు చెట్టెక్కి కొమ్మలు దులుపుతారు. ఆడవాళ్ళు ఏరి, ఎండబెట్టి, పెంకు కొట్టి, గింజ తీస్తారు. ఆ ఎనిమిది కిలోలకీ తనకీ కోడలికీ నాలుగు రోజులు పట్టిందని అడిగితే చెప్పింది. కొంత గిరిజన సహకార సంస్థ డిపోలో ఇస్తారట. యాత్రికులకి చిల్లరగా అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని నవమి రోజుల్లో ఇక్కడ కూచుంటుందట. అలాంటిది జనం ముందు సరుకు పాడయితే ఆ రోజు బేరం పోయినట్టే.

తడిసినదంతా తూచమన్నాను. వద్దంది. పసివాడి పనికి డబ్బులు పుచ్చుకుంటే బాగుండదంది. నేను తక్కెట్లో వేయించేదాకా కదల్లేదు. మూడున్నర కిలోలు తూగింది. కిలో నూటయిరవై లెక్కన నాలుగువందల ఇరవై. సగం ఇవ్వు చాలంది. అప్పటికి మావారు జింక బేరం వదిలేసి వచ్చారు. మాటా పలుకూ లేకుండా ఐదువందల నోటు తీశారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన బేరమాడకుండా డబ్బు తియ్యటం నేను చూడటం అదే. ఆవిడ కొంగుముడి విప్పి ఎనభై రూపాయలూ లెక్కపెట్టి తిరిగిచ్చింది.

అయినా జనం దగ్గరికి రావటం లేదు. నాకు మనసొప్పలేదు. మంచిది కొత్త పట్టా మీదకి మార్పించి, అందులోంచి రెండు కిలోలు తూయించాను. అందరికీ వినపడేటట్టు, "ఎంత బాగుందో, పులిహోరకి ఇదే కావాలి" అంటూ ఓ రెబ్బ నోట్లో వేసుకున్నాను. పులుపుకి కళ్ళు మూతపడ్డాయి గాని నవ్వుతూనే మింగాను. కాసేపటికి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ధర అడిగారు. మేము బస్సెక్కేలోపు ఒకావిడ కిలో కొనుక్కుంది కూడా.

జింక నూటయాభైకే వచ్చింది. ఇక బేరమాడే మొహం ఎవరికీ లేదు.

బస్సులో ఇంకో చిక్కు. మా దగ్గర రెండు కవర్లు, రెండూ నల్లవే. తడిసినదాని మూతికి ఆవిడ గుర్తుగా నార కట్టింది. మా ముందు సీట్లో నిండుచూలాలు కూచుంది. వాసన పట్టేసి వెనక్కి తిరిగి, "కొత్త చింతపండా అక్కా? ఓ రెబ్బ పెట్టవా" అంది. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే లేదని ఎలా అంటాం? మా అమ్మాయి చెమటలు కక్కుతూ నా చెయ్యి గిల్లింది. నారముడి ఉందా లేదా అని రెండుసార్లు తడిమి, ముందు నేను నోట్లో వేసుకుని చూపించి, అప్పుడిచ్చాను. గుప్పెడు కొంగున కట్టుకుంది.

తడిసిన మూడున్నర కిలోల్నీ పారెయ్యలేదండోయ్. పెరట్లో బాగా ఎండబెట్టాను. అటక మీద నల్లబడి పడున్న మా అత్తగారి ఇత్తడి గంగాళాన్నీ, రాగి కాగునీ దింపి, చింతపండు నానబెట్టి ఉప్పు కలిపి తోమాను. చింతపండు పులుపుకి చిలుమంతా కరిగిపోయి, కొత్తవాటిలా మెరిశాయి. పూజసామాను మాత్రం దాంతో తోమలేదు. పక్కింటావిడ చూసి ఏం పెట్టి తోమావు, నాకూ కాస్త పెట్టవా అంది. ఇచ్చాను. కూరలో వెయ్యొద్దు, గిన్నెలకే వాడమని మూడుసార్లు చెప్పి మరీ ఇచ్చాను. ఎందుకో మాత్రం చెప్పలేదు.