మీది ఏ ఊరు?



ఉద్యోగరీత్యా ఏ ఊరు వెళ్ళినా మమ్మల్ని ముందుగా అడిగే ప్రశ్న "మీది ఏ ఊరు?" అనే. కోల్‌కతాలో మాత్రం చేపల బజారులో ఒక పెద్దాయన, "మీరు ఈస్ట్ బెంగాలా, మోహన్ బగానా?" అని అడిగారు. తెల్లబోయి నిలబడ్డాం. "పోనీ, మీకు ఏ చేప ఇష్టం?" అన్నారు. గోదావరి పులస అని చెప్పాం. దాన్నే ఇక్కడ ఇలిష్ అంటారు. "అయితే మీరు ఈస్ట్ బెంగాలే!" అని తేల్చేశారు. ఇలిష్ ఈస్ట్ బెంగాల్ అభిమానులదట, రొయ్య మోహన్ బగాన్ వాళ్ళదట.

మర్నాడు తరగతిలో ఈ సంగతి చెబితే అందరూ నవ్వారు, చివరి బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి తప్ప. వాడు ఆ ఏడాదే బదిలీ మీద వచ్చాడు. ఆటల పీరియడ్‌లో కూడా గోడ పక్కనే కూర్చునేవాడు. ఎందుకని అడిగితే, "టీంలో చేరి ఏం లాభం మేడం? అందరూ అలవాటయ్యేసరికి నాన్నకి మళ్ళీ ఆర్డర్ వస్తుంది" అన్నాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ ఊరొచ్చి ఆరు నెలలైనా మా ఇంట్లోనూ మూడు అట్టపెట్టెలు విప్పకుండానే ఉన్నాయి.

ఆ వారం తరగతిలో వాడి కోసమే తులసీదాస్ బలరాం కథ చెప్పాం.

బలరాం పుట్టింది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, ఉర్దూ. ఆట బూట్లు కొనే స్తోమత లేదు. పాత పోలీసు బూట్ల తోలుతో ఒక చెప్పులు కుట్టేవాడు ఆయనకు మొదటి బూట్లు తయారుచేసి ఇచ్చాడని చెబుతారు. ఆ కుర్రవాడిలోని ఆటను గుర్తుపట్టి చేరదీసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మాలాగే బడిపంతులు, ఆ పైన భారత జట్టుకు కోచ్. 'మైదాన్' సినిమా ఆయన మీద తీసిందే.

1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాం ఉన్నారు. మరుసటి ఏడాది ఈస్ట్ బెంగాల్ పిలిస్తే కోల్‌కతాకు వచ్చేశారు. అప్పటికి ఇరవై ఏళ్ళు. కొత్త ఊరు, కొత్త భాష, కొత్త తిండి. అయినా 1961లో అదే జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఆ ఏడాది కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద చెరో గోల్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన జట్టు బంగారు పతకం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మళ్ళీ బంగారం రాలేదు. ఆ ఏడాదే బలరాంకు అర్జున పురస్కారం వచ్చింది.

"ఆటే ఉద్యోగమా మేడం? జీతం ఇస్తారా?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఇంగ్లండ్‌లో దీని మీదే ఒక ఆట రెండుగా చీలింది. ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం రగ్బీ ఆడితే ఆ పూట కూలి పోయేది. ఆ కూలి డబ్బు ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకోకపోతే 1895లో అక్కడి క్లబ్బులు విడిపోయాయి. అలా రగ్బీ లీగ్ పుట్టింది. మన దేశంలో వేరే దారి పట్టారు. రైల్వేలు, పోలీసు శాఖలు ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి జట్లు నడిపాయి. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్ తర్వాత రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారారు. కానీ ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లో, ముప్పై నిండకముందే, ఆట మానుకోవలసి వచ్చింది.

అప్పుడు చివరి బెంచీ నుంచి మొదటిసారి గొంతు వినిపించింది. "మరి ఈస్ట్ బెంగాల్‌కి ఎన్నేళ్ళు ఆడారు?"

"ఆరేళ్ళు."

"అంతేనా?"

"అంతే. మొత్తం ఆట కలిపినా మీ నాన్నగారి రెండు మూడు పోస్టింగులంత."

వాడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. మేమేమీ అనలేదు.

ఆట ముగిశాక బలరాం సికింద్రాబాద్‌లో స్థిరపడలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉండిపోయారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలోనే కన్నుమూశారు. 'మైదాన్' ఆ మరుసటి ఏడాది విడుదలైంది, ఆయన చూడలేదు.

ఒక ఆదివారం హౌరాలో లోకల్ ఎక్కి మేము ఉత్తర్‌పారా వెళ్ళాం. ఎవరి ఇల్లూ వెతకలేదు. గంగ ఒడ్డున కాసేపు కూర్చుని, మట్టి కప్పుల్లో టీ తాగి వచ్చాం. అమ్ముగూడ కుర్రవాడు ఇక్కడ ముసలివాడయ్యాడంటే, ఈ ఊరు ఆయన్ని ఎప్పుడో ఒకప్పుడు "మీది ఏ ఊరు?" అని అడగడం మానేసి ఉంటుందనిపించింది.

ఇంటికొచ్చి ఆ మూడు పెట్టెలూ విప్పాం. ఒకదానిలో ఆవకాయ జాడీ, ఒకదానిలో పుస్తకాలు, మూడోదాని అడుగున పాత బ్యాడ్మింటన్ రాకెట్లు. రేపో మాపో మళ్ళీ సర్దాల్సిందే. సర్దుతాం.

పిల్లలూ, ఆర్డర్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. అది వచ్చేలోగా మైదానంలోకి దిగడం మాత్రం మన చేతిలోనే ఉంది. మా చివరి బెంచీ అబ్బాయి ఇప్పుడు గోల్‌కీపరు. మొన్న నాలుగు గోల్స్ వదిలేశాడు. జట్టంతా వాడి మీద అరిచింది, సొంతవాళ్ళ మీద అరిచినట్టే.