అమ్మ వద్దన్న పాట

మనీలా నగరంలో ఒపేరా గాయనిగా, సంగీతోపాధ్యాయినిగా జీవించిన సెలరీనా పుహాంతే కయబ్యాబ్ మరణశయ్యపై కోరిన కోరిక ఒక్కటే. తన బిడ్డల్లో ఎవరూ సంగీతాన్ని బతుకుతెరువుగా చేసుకోకూడదు. అప్పటికి ఆమె కుమారుడు రేముందోకు ఆరేళ్లు. పాట విలువ తెలియని తల్లి ఈ మాట అంటే అందులో విశేషం లేదు. పాటలు కూడు పెడతాయా అని పిల్లలను కసిరిన పెద్దలు మన పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కోకొల్లలు. కాని ఆ విద్యలో ఆరితేరి, దానినే పదిమందికీ నేర్పిన మనిషి ఇలా అన్నదంటే దాని వెనుక ఉన్న అనుభవం వేరు. ఆమెకు సంగీతం మీద ద్వేషం లేదు. సంగీతం పెట్టే తిండి ఎంత చాలీచాలనిదో మాత్రం బాగా తెలుసు.

ఆ ఆరేళ్ల పిల్లవాడే తరువాతి కాలంలో రయాన్ కయబ్యాబ్ అనే పేరుతో పాటల కర్తగా, స్వరకర్తగా, రికార్డుల నిర్మాతగా ఫిలిప్పీన్స్ ప్రజల నాలుకలపై నిలిచారు. 1954 మే 4న పుట్టిన ఆయన మొదట తల్లి కోరికను మన్నించే దారిలోనే నడిచారు. ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో వాణిజ్య నిర్వహణ శాస్త్రంలో చేరారు. జమాఖర్చుల చదువు చదివినవాడికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఆ ఇంటికి కావలసిందీ అదే. అయితే కుటుంబపు ఇబ్బందులు చదువుకునే రోజుల్లోనే ఆయనను పనిలోకి నెట్టాయి. చేతికి వచ్చిన పని పియానో వాయించడం. అప్పటి సెనేటర్ సాల్వడోర్ లారెల్ నడిపిన సంగీత నాటక సంస్థలో గాయకులకు పక్కవాద్యం వాయించే ఉద్యోగం దొరికింది. సంగీతం వద్దని తల్లి చెప్పడానికి కారణమైన పేదరికమే కుమారుణ్ణి సంగీతం ముందు కూర్చోబెట్టింది. ఆ యువకుడి చేతివాటం గమనించిన లారెల్ విద్యార్థివేతనం ఏర్పాటు చేసి, చదువును సంగీతం వైపు మళ్లించారు. ఈ లారెల్ 1986లో ఆ దేశపు ఉపాధ్యక్షుడయ్యారు. ఆయన రాజకీయాల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఈ ఒక్క పనికి ఫిలిప్పీన్స్ ఆయనకు రుణపడి ఉంది.

ఆ రోజుల్లో మనీలాలో రేడియో పెడితే వినిపించేది అమెరికా. 1898లో స్పెయిన్ చేతిలోనుంచి అమెరికా చేతిలోకి పోయి, 1946లో స్వతంత్రమైన దేశం అది. జెండా మారింది గాని చెవి మారలేదు. అమెరికన్ గాయకుణ్ణి అచ్చుగుద్దినట్టు అనుకరించగలిగినవాడే మేటి అన్న పేరు ఉండేది. 1975లో ప్రసార మాధ్యమాల మండలి ఒక ఉత్తర్వు జారీ చేసింది. ప్రతి రేడియో కేంద్రమూ గంటకు కనీసం ఒక్క ఫిలిపినో రచన వినిపించాలన్నది దాని సారాంశం. గంటకు ఒక్క పాట! సొంత దేశంలో సొంత పాటకు ఇంత చిన్న చోటు కోసం ప్రభుత్వ ఉత్తర్వు అవసరమైందంటే నాటి పరిస్థితి ఊహించవచ్చు. మన దేశంలో కథ సరిగ్గా తిరగబడి నడిచింది. 1950లలో ఆకాశవాణి సినిమా పాటను కట్టడి చేయబోయి, శ్రోతలు రేడియో సిలోన్‌కు తరలిపోవడం చూసి, 1957లో వివిధభారతిని ప్రారంభించింది. మన ఉత్తర్వును జనం ఓడించారు. వారి ఉత్తర్వు జనానికి రుచి మప్పింది. 1987 నాటికి ఆ గంటకు ఒక్క పాట చట్టప్రకారం నాలుగు పాటలయింది.

ఆ చిన్న చోటులోనే కయబ్యాబ్ తరం మొలకెత్తింది. 1978లో జరిగిన తొలి మెట్రో మనీలా జనప్రియ సంగీతోత్సవంలో ఆయన రచించి, హజ్జీ అలెహాండ్రో పాడిన పాట ప్రథమ బహుమతి పొందింది. దాని పేరుకు అర్థం 'ఎంత అందమైనది మన సంగీతం' అని. అదే ఏడాది సియోల్ అంతర్జాతీయ గీతోత్సవంలోనూ అది అగ్రస్థానం సాధించింది. ఆ మనీలా పోటీలో బహుమతి దక్కని పాటల్లో ఫ్రెడ్డీ అగిలార్ పాడిన 'అనాక్' ఒకటి. ఆ మాటకు బిడ్డ అని అర్థం. తల్లిదండ్రుల మాట కాదని చెడుదారి పట్టిన బిడ్డ పశ్చాత్తాపం అందులోని వస్తువు. పోటీలో ఓడిన ఆ పాట ఎన్నో భాషల్లోకి వెళ్లి, గెలిచిన పాటకన్నా దూరం ప్రయాణించింది. అమ్మ మాట వినని బిడ్డ గురించిన పాటను, అమ్మ మాట వినని బిడ్డ కట్టిన పాట ఓడించడం కల్పించి చెబితే నమ్మబుద్ధి కాదు. కళాదృష్టితో తూచితే 'అనాక్' వైపే త్రాసు మొగ్గుతుంది. కయబ్యాబ్ పాట పండుగ పాట, ఎవరినీ నొప్పించదు. సైనిక శాసనం అమలులో ఉన్న దేశంలో, ప్రభుత్వ ఛత్రచ్ఛాయలో జరిగిన పోటీకి అది తగిన పాట కూడాను.

ఈ మాట వద్దనే మనసు నొచ్చుకుంటుంది. 1972 నుంచి 1981 వరకు సాగిన సైనిక శాసన కాలంలోనే మార్కోస్ దంపతుల ప్రభుత్వం కళలకు ధారాళంగా వెచ్చించింది. మనీలా సముద్రతీరాన 1969లో ఫిలిప్పీన్స్ సాంస్కృతిక కేంద్రం వెలిసింది. కవులను చెరలో పెట్టిన చేయీ, నర్తకులకు వేదిక కట్టిన చేయీ ఒక్కటే. బియెన్వెనిడో లుంబెరా అనే కవి, పండితుడు 1974 జనవరిలో అరెస్టయి ఆ ఏడాది డిసెంబరు దాకా నిర్బంధంలో గడిపారు. ఆరేళ్ల తరువాత, 1980లో, అదే సాంస్కృతిక కేంద్రంలో కయబ్యాబ్ సంగీతంతో ప్రదర్శితమైన నృత్యరూపకానికి సాహిత్యం సమకూర్చింది ఆ లుంబెరాయే. రూపకం పేరు 'రామ హరి'.

మన పాఠకుడు ఇక్కడ ఆగక తప్పదు. టగలాగ్ భాషలో హరి అంటే రాజు. మనకు రెండు భగవన్నామాలుగా వినిపించేది వారికి రాముడనే రాజు. గురువును వారు 'గురో' అంటారు, ముఖాన్ని 'ముఖా' అంటారు, ఆశను 'ఆసా' అంటారు. రామకథ ఆ ద్వీపాలకు కొత్త కాదు. మిందనావ్ దీవిలోని మారనావ్ ముస్లింల నోట 'మహారాడియా లావానా' అనే పేరుతో ఒక రావణకథ నిలిచి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంస్కృతం చదివి వెళ్లిన హువాన్ ఫ్రాన్సిస్కో అనే ఫిలిపినో పండితుడు 1960ల చివర దానిని సేకరించి లోకానికి తెలియజేశారు. అయినా క్రైస్తవం ప్రధానమైన మనీలా నగరంలో, రాక్ సంగీతంతో, బాలే నృత్యంతో రాముణ్ణి నిలబెట్టడం సాహసమే.

ఆ సాహసానికి నృత్యరూపం ఇచ్చినవారు ఆలిస్ రేయెస్. రంగాలంకరణ సాల్వడోర్ బెర్నల్‌ది. ఒక్కొక్క ప్రధాన పాత్రకు ఒకరు పాడతారు, మరొకరు నర్తిస్తారు. తోలుబొమ్మ ఒకటి ఆడుతుంటే తెర వెనుక గొంతు మరొకటి పలకడం తెలిసిన తెలుగువారికి ఇది వింత కాదు. బేసిల్ వాల్డెజ్ రాముడికి, కూ లెడెస్మా సీతకు గొంతునిచ్చారు. ఇద్దరూ రేడియోలో ప్రేమపాటలతో పేరు పొందినవారే. కయబ్యాబ్ వారిని ఒపేరా గాయకుల్లా పాడమనలేదు. వారి సహజమైన జనప్రియ కంఠాలనే పురాణానికి అప్పగించారు. ఎడబాటులో ప్రియమైనవారిని తిరిగి రమ్మని పిలిచే గీతం ఒకటి అందులో ఉంది. రంగస్థలం దాటి, రామాయణం ఊసే తెలియని వారి ఇళ్లలోకీ ఆ పాట చేరింది. సీతారాముల విరహం ఊరూపేరూ విడిచిపెట్టి, వాడుకలో అందరి విరహమయింది. మన స్త్రీల రామాయణపు పాటలు చేసిన పనీ ఇటువంటిదే. అక్కడ సీత పేరు మిగిలింది, ఇక్కడ పేరు కూడా కరిగిపోయింది. సంస్కృతుల మధ్య వినిమయమంటే ప్రతినిధి వర్గాల రాకపోకలే అనుకునే కార్యాలయాలు ఈ ఉదాహరణను ఒకసారి పరిశీలించడం మంచిది. ఈ రూపకంతో ముడిపడిన లుంబెరా, రేయెస్, బెర్నల్, కయబ్యాబ్ నలుగురూ తరువాత వేర్వేరు సంవత్సరాల్లో ఆ దేశపు జాతీయ కళాకారులయ్యారు.

ఇంత జరిగేనాటికి ఆయన చేతికి సంగీతపు పట్టా రానేలేదు. అది వచ్చింది 1983లో. ఈలోగా 1981లో 'వన్' అనే రికార్డును వెలువరించారు. అందులో వాద్యాలు లేవు. వినిపించే కంఠాలన్నీ ఆయనవే. మంద్రం నుంచి తారస్థాయి దాకా ఒక గాయక బృందం మొత్తాన్ని ఒక్క మనిషే పాడి, పొరమీద పొరగా టేపుపై పేర్చారు. కంప్యూటరు సాయంతో శ్రుతి సరిదిద్దుకునే కాలం కాదది. ముందు పాడిన పొరను చెవిలో వింటూ రెండవది పాడాలి, ఆ రెండింటినీ వింటూ మూడవది. తొలి పొరలో శ్రుతి వెంట్రుకవాసి జారితే పైనున్న కట్టడమంతా ఒరుగుతుంది. రికార్డు నిర్మాత అనే మాటను డబ్బు పెట్టేవాడుగా అర్థం చేసుకునే అలవాటు మనకు ఉంది. ఇక్కడ నిర్మాణమంటే తాపీపని వంటిది. ఇటుక వెంట ఇటుక.

1989లో ఆయన నలుగురు యువ గాయకులను ఎంపిక చేసి ఒక బృందాన్ని తీర్చిదిద్దారు. దానికి పెట్టిన పేరు స్మోకీ మౌంటెన్. అది మనీలాలోని టొండో ప్రాంతంలో దశాబ్దాలపాటు పేరుకుపోయిన చెత్తకొండ పేరు. కుళ్లిన చెత్తలోని వాయువులు రాజుకొని అది నిత్యం పొగలు చిమ్ముతుండేది. వేలాది కుటుంబాలు దాని మీదా దాని చుట్టూ బతుకుతూ, ఇనుప ముక్కలూ సీసాలూ ఏరుకుని అమ్ముకునేవి. ఆ బృందం పాడిన 'పరాయిసో'కు స్వర్గమని అర్థం. ఆ స్వర్గం చెత్తకొండ మీది పిల్లల ఊరు. శుభ్రమైన దుస్తుల్లో మెరిసే యువకులు చెత్తకొండ పేరు పెట్టుకోవడం అలంకారమే కదా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. అది న్యాయమైన సందేహమే. అయితే రికార్డు కొనేవాడు దుకాణంలో ఆ పేరు నోటితో పలకాలి. రేడియో ప్రకటనకర్త రోజుకు పదిసార్లు పలకాలి. సంపన్నుల నగరం చూపు తిప్పుకొని సాగిపోయే ఒక చోటును ఆ మేరకు పాట వారి నోటికి ఎక్కించింది. ఇదే బృందం రెండేళ్ల తరువాత కొబ్బరికాయ ఉపయోగాలను ఏకరువు పెట్టే హాస్యగీతం పాడి దేశమంతటినీ నవ్వించింది. కన్నీరు ఒక గదిలో, నవ్వు మరో గదిలో పెట్టుకునే స్వభావం కయబ్యాబ్‌ది కాదు.

మిగతా కృషిని త్వరగా చెప్పుకోవచ్చు. 1988లో జాజ్ గాయని కేటీ దె లా క్రూజ్ జీవితంపై సంగీత నాటకం, 1991లోనూ 1995లోనూ హోసే రిజాల్ నవలలు రెండింటికి సంగీత రూపాలు, పేరు మోసిన టెలివిజన్ సంగీత కార్యక్రమం, విశ్వవిద్యాలయంలో సుదీర్ఘమైన అధ్యాపకత్వం, 2000ల తొలి సంవత్సరాల్లో ఒక పెద్ద సారాయి వ్యాపార సంస్థ పోషించిన వాద్యబృందానికి సారథ్యం. సారాయి డబ్బుతో సింఫనీ ఏమిటని ముఖం చిట్లించేవారు ఉంటారు. జమీందారుల శిస్తుతో బతికిన మన సంగీతానికి ఆ చిట్లింపు అంతగా శోభించదు.

2018లో ఆయనను సంగీతంలో జాతీయ కళాకారుడిగా ప్రకటించారు. ఆ బిరుదుతో పాటు నెలనెలా భృతి, వైద్య ఖర్చులు, చివరకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు కూడా లభిస్తాయి. సెలరీనా భయపడిన వాటికన్నిటికీ ఆ జాబితాలో జవాబు ఉంది. కాని ఆ జవాబు దొరికేది వేళ్లపై లెక్కించదగినవారికి. ఆసియా అంతటా హోటళ్లలో, విహార నౌకల్లో ఇతరుల పాటలు పాడి ఇంటికి డబ్బు పంపే ఫిలిపినో గాయకులకు ఏ రాజ్యమూ భృతి ఇవ్వదు. ఆయన ఇది ఎరగనివారు కాదు. 2010లో డుమగెటెలో మొదలైన పాటల రచయితల శిబిరానికి ఆయన ఆచార్యులయ్యారు. 2012లో కొత్త రచయితల కోసం ఆరంభమైన జనప్రియ సంగీత పోటీకి నిర్వాహకులయ్యారు. 1978లో తనకు తెరుచుకున్న తలుపు వంటిదే మరొకటి ఇతరుల కోసం నిలబెట్టే ప్రయత్నమది. దాని వల్ల ఎంతమంది ఇళ్లలో పొయ్యి వెలిగిందో లెక్క కట్టడం కష్టం.

2019లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 1974లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, 1992లో పండిట్ రవిశంకర్ అందుకున్న పురస్కారమది. 1993లో లుంబెరా కూడా అందుకున్నారు. ఫిలిపినోలు తల్లి పుట్టింటి ఇంటిపేరును తమ పేరుకూ తండ్రి ఇంటిపేరుకూ నడుమ ధరిస్తారు. రికార్డు అట్టల మీద, టెలివిజన్ తెర మీద దశాబ్దాలపాటు కనిపించని ఆ నడిమి పేరు పురస్కార ప్రకటనలో చేరింది. అందులో ఆయన పేరు రేముందో పుహాంతే కయబ్యాబ్ అని ఉంది.