తోలు, సున్నం, తంగేడు

సికింద్రాబాద్,
శుక్రవారం రాత్రి

నాన్నగారూ,

క్షేమంగా చేరాను. స్టేషన్ దగ్గరే గది దొరికింది. కింద ఇరానీ హోటలు, కిటికీ తీస్తే ఆటోల గోల. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, అందుకని ఇవాళ ఎక్కడికీ కదల్లేదు.

కాగితానికి చెదలు, తాటాకుకు పురుగు, మరి తోలు మీద రాస్తే దానికేం జబ్బని అడిగారు కదా. అసలు మనవాళ్లు ఆ జోలికే పోలేదు, తాటాకుతోనే సరిపెట్టుకున్నారు. రాసే తోలు, అంటే పార్చ్‌మెంటు, చేసేవాళ్లు గొర్రె, మేక, దూడ తోళ్లను రోజుల తరబడి సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి లాగి కట్టి ఆరబెడతారు. మామూలు తోలుకిలా చెక్కలు, కాయలు వేసి ఊరబెట్టరు. ఆ సున్నం కొంత తోల్లోనే మిగిలిపోతుంది. దాని ఆయుష్షంతా అందులోనే ఉంది: గాలిలోంచి, సిరాలోంచి ఆమ్లం వస్తే ముందు సున్నం అడ్డుపడుతుంది.

అది అయిపోయాక కొల్లాజెన్ వంతు. మూడు పేటలుగా మెలిపడిన ఆ ప్రోటీన్‌ని తేమా ఆమ్లమూ కలిసి ముక్కలు చేస్తాయి. మీరు ఇంటర్ పిల్లలకు చెప్పిన జలవిశ్లేషణే. చివరికి తోలు జెలటిన్‌గా మారుతుంది. ఎంత చెడిందో చూడ్డానికి నాలుగు పోగులు నీటిబొట్టులో వేసి, సూక్ష్మదర్శిని కింద మెల్లగా వేడి చేస్తారు. బాగున్న తోలు 60 డిగ్రీలు దాటితే గానీ ముడుచుకోదు. చెడినది 40 దగ్గరే చుట్టుకుపోతుంది. అంటే చూపులకు నిక్షేపంగా ఉన్న పుట కూడా తడి తగిలిందంటే దక్కదు.

శనివారం సాయంత్రం

మెట్రోలో ఎంజీబీఎస్ స్టేషన్ దాకా వెళ్లి, అక్కణ్ణించి మ్యూజియానికి. దిగగానే మూసీ కంపు. ఇక్కడ తొమ్మిదో శతాబ్దపు కూఫీ లిపి ఖురాన్ ఉంది, పార్చ్‌మెంటు మీద రాసింది. ఆ కాలపు రాతలు ఎక్కువగా మాచికాయ, అన్నభేది కలిపి కాచిన సిరావే. ఆ సిరాలో గంధకామ్లం పుడుతుంది. కాగితమైతే అక్షరం ఉన్నంత మేరా చిల్లులు పడతాయి. ఇక్కడ సున్నం ఉంది గనక తోలు చాలామటుకు తట్టుకుంటుంది. వెయ్యేళ్ల పుటలు ఇప్పటికీ మిగలడం వెనక గోతి సున్నం పాత్ర, రాజుల శ్రద్ధ కంటే పెద్దదని నా లెక్క.

మన ఊళ్లలో పార్చ్‌మెంటుకు అసలు గండం ఋతువులు. ఎండాకాలంలో బిర్రుగా బిగిసిపోతుంది, వానాకాలంలో ఉబ్బి అలలు తేలుతుంది. అలా బిగిసీ ఉబ్బీ పైనున్న రంగు పెచ్చులూడుతుంది. అందుకే ఏసీ పగలు వేసి రాత్రి ఆపేయడం కన్నా, ఏడాది పొడుగునా ఒకే తీరు గాలి ఉండడం ముఖ్యం.

ఆదివారం

పొద్దున్నే ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు. ఒక లావుపాటి ఇంగ్లీషు లా సంపుటి చేతికి తీసుకున్నాను. వీపు తోలు పొరలు పొరలుగా లేచి, అరచేయంతా ఇటుక పొడి పూసినట్టయింది. లోపలి కాగితం తెల్లగానే ఉంది!

ఇదీ పశువు తోలే. కాకపోతే సున్నం తీసేసి, చెట్టు చెక్కతో పదును చేసింది. మన దక్షిణాదిలో తోళ్లు ఊరబెట్టే లందల్లో వేసేది తంగేడు చెక్క. ఇక్కడి తోళ్లు ఓడలెక్కి లండన్ బైండర్ల దాకా వెళ్లేవి. అక్కడ బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తోలుకి పట్టి గంధకామ్లమైంది. అక్కడి సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పుస్తకాల తోళ్ల మీద వేసిన సంఘం 1905లో అచ్చయిన నివేదికలో పుస్తకాలకు తంగేడు పదును పనికిరాదని తేల్చింది. తంగేడులో తోలును పదును చేసే టానిన్ జాతే అటువంటిది, ఆమ్లాన్ని త్వరగా పట్టుకుంటుంది. కరక్కాయ జాతి మేలు. బతుకమ్మలో పేర్చే పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, లండన్ గ్రంథాలయాల్లో ఇంత చెడ్డపేరు మోసిందంటే నాకు కాస్త కష్టంగానే అనిపించింది. తప్పు చెట్టుదా, పొగదా? నేనైతే పొగదే అంటాను.

తాతయ్యగారి బీరువాలోని తోలు అట్టల పుస్తకాలకు ఎవరు చెప్పినా కొబ్బరినూనె రాయనివ్వకండి. పొడి రాలడం మొదలయ్యాక నూనె ఏమీ చేయదు, మరకలే మిగులుతాయి. ఒక్కొక్కదానికి తెల్లకాగితం అట్ట వేయించండి, పక్కవాటికి అంటకుండా ఉంటుంది. రేపు తార్నాకలో పని చూసుకుని, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరతాను. అమ్మకు ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాను.

మీ చిన్నది