చెన్నై దగ్గర, హైదరాబాద్ దూరం

ఫుట్‌బాల్‌లో 'అవే మ్యాచ్' అంటే మన జట్టు అవతలి వాళ్ల ఊరు వెళ్లి ఆడే మ్యాచ్. దీన్ని తెలుగులో ఏమనాలి తాతా అని అడిగితే, "పొరుగూరి ఆట అనరా, దానికింత ఆలోచనేంది?" అన్నాడు. మాట నాకు నచ్చింది, ఇక్కడ అదే వాడుతున్నా. కాకపోతే వాడరేవులో పుట్టినవాడికి ఒక చిక్కుంది. మాకు అన్నీ పొరుగూరి ఆటలే.

నా జట్టు హైదరాబాద్ ఎఫ్‌సి. 2019లో ఆ క్లబ్ మొదలైనప్పుడు నేను ఎనిమిదో తరగతి. మొదటి సీజన్‌లో పది జట్లలో పదో స్థానం. క్లాసులో అందరూ నవ్వారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ మీద వెనకబడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1 చేసి, పెనాల్టీల్లో 3-1తో గెలిచాం. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. నాకు పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. అయినా ఆ రాత్రి పుస్తకం ముట్టుకుంటే ఒట్టు. టీవీలో చూసింది చాలు, ఇక స్టేడియంలోనే చూడాలి అనుకున్నది అప్పుడే.

అనుకోవడం తేలికే. చీరాల నుంచి చెన్నైకి రైల్లో సుమారు 340 కిలోమీటర్లు. సికింద్రాబాద్‌కి అంతకంటే ఎక్కువే. పైగా అక్కడ దిగాక గచ్చిబౌలి చేరడం ఇంకో ప్రయాణం. చెన్నైలోనైతే నెహ్రూ స్టేడియం సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచిపోయే దూరమే. అంటే నా 'సొంతూరి' గ్రౌండ్ కన్నా శత్రువు గ్రౌండే నాకు దగ్గర! చెన్నైయిన్ ఎఫ్‌సితో వాళ్ల ఊళ్లో జరిగే మ్యాచ్ కాగితం మీద మాకు పొరుగూరి ఆట. నాకు మాత్రం అదే ఇంటి పక్క ఆట.

ఇంజనీరింగ్‌లో చేరాక సీఎస్ఈ బుద్ధి ఊరుకోలేదు, ఒక షీట్ తయారుచేశా. దూరం, రైలు, తిరుగు రైలు, ఖర్చు, పోయే క్లాసులు, ప్రత్యర్థి బలం, ఒక్కోదానికి ఒక్కో మార్కు. బెంగళూరు శ్రీకంఠీరవకి మంచి మార్కులే పడ్డాయి. కొచ్చికి శబరి ఎక్స్‌ప్రెస్ మా లైన్ మీదుగానే పోతుంది, కానీ ఒక మ్యాచ్ కోసం మూడు రోజుల క్లాసులు పోతాయి. 75 శాతం అటెండెన్స్ ముందు ఏ డెర్బీ అయినా తల వంచాల్సిందే. ఎటు తిప్పి చూసినా చెన్నైకే మొదటి ర్యాంకు వచ్చింది.

ఆ షీట్ నాన్నకి చూపించా. నాన్నకి ఒక బోటులో వాటా ఉంది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి, "గెలుస్తారో లేదో అని కూడా ఒక గడి పెట్టావేందిరా? అది నీ చేతుల్లో ఉందా?" అన్నాడు. మా ఇంట్లో వేటకి ఏ రోజు వెళ్లాలి, ఏ రోజు మానాలి అనేది ఎప్పుడూ నడిచే చర్చే. డీజిల్ ఎంత, ఐస్ ఎంత, గాలి ఎటుంది, మనుషులు వస్తున్నారా. ఇవన్నీ చూస్తారు. చేప పడుతుందా లేదా అని మాత్రం ఎవరూ లెక్క వేయరు. వేస్తే ఏ బోటూ కదలదు.

నాన్న మాట నిజమని అప్పటికే ఒక సీజన్ రుజువు చేసింది. 2023-24లో మా జట్టు 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. మొత్తం 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ ఎక్కడో తెలుసా? చెన్నైలో, 2024 మార్చిలో, 1-0తో. సరిగ్గా నా ఇంటర్ సెకండియర్ పరీక్షల మధ్య. అప్పటికి షీట్ ఉన్నా ఆ మ్యాచ్‌కి అట్టడుగు ర్యాంకే వచ్చేది. వరసగా ఓడుతున్న జట్టు, పరీక్షలు, ఎవడు వెళ్తాడు? కానీ ఎవరో కొందరు వెళ్లారు. ఆ గెలుపు వాళ్ల కళ్లతో చూశారు.

నా వంతు ఆ డిసెంబర్‌లో వచ్చింది. బుధవారం మ్యాచ్. పొద్దున చీరాలలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. అమ్మ పులిహోర కట్టిచ్చింది. స్టేడియంలో మాకిచ్చిన మూల చాలా పెద్దది, అందులో మేం పద్నాలుగు మందిమి. నేను లెక్కపెట్టా. ఐటీ ఉద్యోగం చేసే అన్నలు, తాంబరంలో చదివే ఒక నెల్లూరు అమ్మాయి, నెల్లూరు నుంచే వచ్చిన వాళ్ల నాన్నగారు. ఆయనకి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలియదు, కూతురికి తోడుగా వచ్చారు. ఆట మొదలైన కాసేపటికే గోల్ ఇచ్చేశాం. మిగతా ఎనభై నిమిషాలకు పైగా పద్నాలుగు గొంతులతో అరిచాం. 0-1తో ఓడిపోయాం.

వెళ్లేటప్పుడు ఉన్న రైలు వచ్చేటప్పుడు లేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రమే వెళ్లిపోతుంది, మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. ఒక అన్న తన బండి మీద మాధవరం బస్టాండ్‌లో దించాడు. ఒంగోలు దాకా బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు. ఓడిపోయి, నిద్ర లేక, గొంతు పోయి ఇంటికి చేరా. అయినా ఇంకోసారి వెళ్లాలనే అనిపించింది. టీవీలో ఓటమి చూస్తే రిమోట్ విసిరేసి ఒక్కణ్ణే పడుకుంటా. అక్కడ మాత్రం నాతోపాటు ఓడిపోయినవాళ్లు ఇంకో పదమూడు మంది ఉన్నారు.

ఆ తర్వాత షీట్‌లో 'గెలుపు అవకాశం' తీసేసి, ఆ గడిలో 'ఎవరెవరు వస్తున్నారు' అని పెట్టా. ఎక్కువ మార్కులు దానికే. కొత్తగా పొరుగూరి ఆటలకి వెళ్లాలనుకునే జూనియర్లకి నేను చెప్పేది ఇంతే. ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి, తర్వాత తోడు చూసుకోండి. పాయింట్ల పట్టిక ఆఖర్న చూసినా ఏం కాదు.

ఇంతలో 2025లో మా క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. చీరాల నుంచి ఢిల్లీ సుమారు 1,800 కిలోమీటర్లు. అది ఏ షీట్‌లోనూ పట్టదు. మా పద్నాలుగు మంది వాట్సాప్ గ్రూపులో గట్టి చర్చే నడిచింది. ఆటగాళ్లలో మనవాళ్లుంటే చెన్నై వచ్చినప్పుడు వెళ్దాం అని కొందరు. నేను రానన్నాను. ఆ మూలలో నిలబడి ఎనభై నిమిషాలు నేను అరిచింది ఒక ఊరి పేరు. ఇప్పుడు చొక్కా మీద ఆ పేరు లేదు. నెల్లూరు అమ్మాయి మాత్రం, "మరి నువ్వు ఆ ఊరివాడివి కూడా కాదుగా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

బహుశా అందుకేనేమో, ఈ మధ్య సంతోష్ ట్రోఫీ వైపు చూస్తున్నా. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే పోటీ అది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. అంటే తాత కుర్రతనంలో. ఇప్పుడు మన జట్టు ఆడే మ్యాచ్‌లకి వెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. మా పద్నాలుగు మంది కూడా అక్కడ పెద్ద గుంపే అవుతాం. గ్రూపులో అడిగితే ఇప్పటిదాకా ముగ్గురు సరే అన్నారు. అందులో ఒకరు ఆఫ్‌సైడ్ తెలియని ఆ నాన్నగారు. షెడ్యూల్ వచ్చాక తిరుగు రైలు చూడాలి.