తాతయ్య డీబగ్గింగ్

సంక్రాంతి సెలవుల్లో తాతయ్య ప్రీమియర్ పద్మిని ఇంజిన్ టకటకమనడం మొదలెట్టింది. నేను యూట్యూబ్ చూసి "ట్యాపెట్లే" అని తేల్చేశా. తాతయ్యకి చెవులు సరిగ్గా వినపడవు. అరవలేక నేనే ఆయనతో మాట్లాడటం తగ్గించేశాను.

ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ తెచ్చారు. నడుస్తున్న ఇంజిన్‌కి కొన ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టారు. మనం కోడ్‌లో అక్కడక్కడా ప్రింట్ పెట్టి బగ్ వెతికినట్టే, ఒక్కోచోటా ఆగి చూశారు. ట్యాపెట్ కవర్ దగ్గర తల అడ్డంగా ఊపారు. పెట్రోల్ పంపు దగ్గర నవ్వారు.

"ఇదేరా. నువ్వూ విను."

విప్పితే పంపు ఆర్మ్ పిన్ను అరిగి లొడలొడలాడుతోంది. కొత్త గాస్కెట్ వేసి కొత్త పంపు బిగించాం. చప్పుడు పోయింది.

ఆ సాయంత్రం ఆయన చెవి దగ్గరికి జరిగి, ఈ కారు ఎలా కొన్నారని అడిగాను. అరవక్కర్లేకపోయింది.