కెనడాలో పదునెనిమిది దినములు

ఉద్యోగ విరమణము చేసిన మరుసటి సంవత్సరము, అనగా 2018 వేసవిలో, నేనును నా భార్యయు అమెరికాలోనున్న మా కుమారుని యింటికి పోయితిమి. మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని రాయచెర్లు. అమెరికానుండి నాలుగు దినముల విహారమునకని కెనడా వెళ్లి, అచట పదునెనిమిది దినములు నిలిచిపోయిన కథ యిది. తప్పెవరిదో ముందే చెప్పెదను. నాదే.

అమెరికాలో ఉద్యోగము చేయు పరదేశులకు రెండు విధములైన అనుమతులు కావలెను. అచట నుండి పని చేయుటకు ఒకటి. వెలుపలికి పోయి మరల లోనికి వచ్చుటకు పాస్‌పోర్టులో అంటించు వీసా మఱియొకటి. మొదటిదానిని అచటనే పొడిగింతురు. రెండవదానికి దేశము వెలుపలనున్న కాన్సులేటుకు పోవలెను. ఇండియాకు వచ్చిపోవుటకు సెలవు చాలనివారు ఆ కాలమున పొరుగుననున్న కెనడాకో మెక్సికోకో పోయి ఆ పని ముగించుకొని, చూడదగిన చోట్లు నాలుగు చూచి వచ్చెడివారు. మావాడును అట్లే తలచి టొరంటోలో దినము కుదుర్చుకొనెను. మాకును కెనడా వీసాలు తెప్పించి, కోడలిని, ఐదేండ్ల మనుమరాలిని వెంటబెట్టుకొని బయలుదేరెను.

కాన్సులేటులో ప్రశ్నలు ఐదు నిమిషములలో ముగిసినవట. కాని పట్టాలోని పేరును పాస్‌పోర్టులోని పేరును ఒక్క తీరుగ లేవని చూపి, ఇద్దరును ఒక్కరే యనుటకు ఆధారము కోరి, ఒక చీటీ చేతికిచ్చిరి. 1952 నాటి అమెరికా వలస చట్టములోని 221(జి) అను విభాగము క్రింద నిచ్చు చీటీ యది. కోరిన కాగితములు చేరిన పిమ్మట మరల విచారింతురని దాని భావము. ముప్పది దినముల లోపల కెనడాకు పోయివచ్చువారు గడువు తీరిన వీసాతోనే తిరిగి రాగల సదుపాయ మొకటి కలదు గాని, క్రొత్త వీసాకు అర్జీ పెట్టినవారికి అది చెల్లదు. మావాడు పెట్టియుండెను. కనుక వెనుకకు పోవు దారియు మూసికొనెను.

ఇక నా తప్పు. మా ప్రాంతమున పేరుకు ముందు ఊరి పేరు చేర్చుట వాడుక. వానిని బడిలో చేర్చిననాడు కాగితము పూరించినవాడను నేనే. రాయచెర్లులోని 'చె' అను అక్షరము ఇంగ్లీషులో నా చేతి తొందరచే 'చ' అయినది. పట్టాలన్నిటను అదియే నిలిచెను. పాస్‌పోర్టు అర్జీ పూరించినవాడను కూడ నేనే. అందు 'చె' సరిగానే పడినది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, కాగితముపై ఇంగ్లీషు - ఇట్లు మూడు లిపుల నడుమ బ్రదుకు మనబోటి కుటుంబములకు ఈ చిక్కు క్రొత్తది కాదు. అయినను జీవితమంతయు గుమాస్తాగిరి చేసిన నాకు అది సాకు కాజాలదు.

"ఊరికే గదిలో కూచుంటే దిగులే మిగుల్తుంది నాయనా, చూసొద్దాం పదండి" అని మావాడే లేవదీసెను. 553 మీటర్ల ఎత్తున 1976లో ముగిసిన సి.ఎన్. గోపురము నెక్కితిమి. ఒంటారియో సరస్సులోని దీవులకు పడవపై పోయితిమి. మనుమరాలికి అది పండుగ. మావాడు మాత్రము చేతిలోని ఫోను వంకనే చూచుచుండెను. మూడు వారములు మించినచో ఉద్యోగమున వేఱొకరిని పెట్టుకొందుమని అతని పై అధికారి తెలిపియుండెను.

నయాగరా చూచితిమి. గుఱ్ఱపు లాడము వలె వంపు తిరిగిన ఆ జలపాతము సుమారు 57 మీటర్ల ఎత్తునుండి పడుచుండగా, చెరువు నిండిన యేడు పండుగ చేసికొను మెట్టసీమవారము మేము నోట మాట లేక నిలిచితిమి. "ఇందులో ఒక్క పాయ మన చెరువుకు మళ్లితే చాలు కదండీ" అనెను నా భార్య. అచట నదిపై 1941లో తెఱచిన రెయిన్‌బో వంతెన కలదు. ఆవలి గట్టు అమెరికా. మాకు వీసాలున్నవి గనుక మేమిద్దరము దాటవచ్చును. అచట పుట్టిన మనుమరాలు దాటవచ్చును. దానిని కన్న తలిదండ్రులు దాటరాదు. "మన ఇల్లు అటే కదా తాతా, ఎప్పుడు పోదాం?" అని పిల్ల యడిగినపుడు నాకు బదులు తోచలేదు.

పావగడనుండి మడకశిరకు, హిందూపురమునకు పెండ్లిండ్లకును సంతలకును ఎన్ని మార్లు పోయివచ్చితిమో లెక్క లేదు. అదియును ఎల్లయే. అచట మమ్ము నిలిపి పేరడిగినవారు లేరు. ఆ భాగ్యము విలువ నయాగరా గట్టున తెలిసెను.

కెనడా గడపయు ఒకప్పుడు మనవారికి మూసియే యుండెను. 1914 మే 23న కొమగాట మారు అను ఓడ, అధిక భాగము పంజాబువారైన 376 మందితో వాంకూవరు రేవు చేరెను. కొద్దిమందిని దక్క దిగనీయక రెండు నెలలు నీటిపైననే నిలిపి, జూలై 23న వెనుకకు పంపిరి. అందులకు ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2016లో. వారి నిరీక్షణము ముందు మాది యేపాటి? మేము తిని, తిరిగి, పరుండితిమి.

కాగితముల కొఱకు ఊరనున్న మా తమ్ముని కుమారునికి ఫోను చేసితిని. వాడు బడికి పోగా, అచటి పడుచు గుమాస్తా ఆ పూటనే పాత రిజిస్టరులన్నియు దింపి, దుమ్ము దులిపి, మా పుట వెదకి, ధ్రువపత్రము వ్రాయించి యిచ్చెనట. ఆ మాట విని నేను సిగ్గుపడితిని. నేను కొలువున నుండగా, రేషను కార్డునందు ఒక తీరుగను అర్జీయందు మఱియొక తీరుగను పేరున్నదని, వితంతువేతనమునకు వచ్చిన ఒక ముసలమ్మను మూడు మార్లు త్రిప్పి పంపితిని. నాలుగవమారు ఆమె రాలేదు. నిబంధన నా పక్షముననే యుండెను. పాత పుస్తకము దింపి చూచు ఓపిక మాత్రము నాకు లేకపోయెను.

పదునెనిమిదవ దినమున వీసాలు చేతికి వచ్చినవి. ఉద్యోగము నిలిచినది. ఊరు చేరిన పిమ్మట ఆ ముసలమ్మను విచారించితిని. ఆమె గతించి రెండేండ్లయినదని చెప్పిరి.

2025 సెప్టెంబరునుండి అమెరికా విధానము మాఱినది. అర్జీదారులు స్వదేశముననో తాము నివసించు దేశముననో వీసాకు పోవలెనని చెప్పిరి. కనుక పొరుగు దేశమున వీసాయు విహారమును కలుపుకొను ఆ వాడుక యిప్పుడు వెనుకబడినది. కాని పేర్ల చిక్కు ఎక్కడికిని పోలేదు. చదువరులకు నా మనవి యొక్కటే: పిల్లలను బడిలో చేర్చునాడే ఇంటిపేరు, ఊరిపేరు, సొంతపేరు ఇంగ్లీషున ఏ అక్షరములతో వ్రాయుదురో నిశ్చయించి, పుట్టుక పత్రము మొదలు పాస్‌పోర్టు వఱకు అవే నిలుపుడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా విడువకుడు. విడిచినచో అమెరికా వీసాలో ఉన్న పేరంతయు ఇంటిపేరై, సొంతపేరు తెలియదని పడును.

ఇప్పుడు మా యరుగుపై సాయంకాలములందు ఊరివారి అర్జీలు వ్రాసిపెట్టుచున్నాను. సంతకము చేయించుటకు ముందు పేరును రెండు మార్లు బిగ్గరగా చదివింతును. తప్పు దొరకినచో వారిని త్రిప్పి పంపక, నేనే వెంట పోవుదును.