రొట్టెల బండి

తిరువళ్ళూరు, తిరుత్తణి వీధుల్లో తోపుడు బండ్లకు కొదువ లేదు. పండ్లు, పూలు, గిన్నెలు, ఇస్త్రీ పెట్టె అన్నీ బండ్లమీదే బతుకుతాయి. ఒకప్పటి రొట్టెల బండి వీటితో కలిసేది కాదు. తక్కినవి చక్రాలున్న బల్లలు. అది చక్రాలున్న అద్దాల అలమర.

ఆ రూపానికి కారణం రొట్టెలోనే ఉంది. మామిడిపండ్లు బరువెక్కువ, చోటు తక్కువ. రొట్టె తేలిక, కాని చోటెక్కువ. ఒకదానిమీద ఒకటి పేరిస్తే నలిగిపోతుంది. అందుకని అరలు కావాలి. ఈగలు వాలకుండా, సరుకు కంటికి కనబడేటట్లు ముందు అద్దాలు. చెమ్మ, చీమలు చేరకుండా లోపల రేకు. పూర్తిగా మూసివేస్తే వేడి రొట్టె తన ఆవిరికి తానే మెత్తబడుతుంది. కనుక వెనకవైపు సన్నని జాలీ. పెట్టె ఎత్తు పెరిగినకొద్దీ బండి ఒరిగే భయం. చక్రాలను ఎడంగా బిగించేది అందుకే. ఇంత ఆలోచన చేసిన వడ్రంగి ఏ కాగితం మీదా గీత గీసి ఉండడు.

పూర్వపు బండ్లకు కొయ్య చక్రాలు. నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు, వాటి చివర వంపు చెక్కలు, ఆపైన ఇనుప పట్టా. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి తొడిగేవారు. కాలిన ఇనుము వ్యాకోచిస్తుంది. నీళ్లు పోయగానే సంకోచించి చెక్కలన్నిటినీ బిగించి పట్టుకొంటుంది. కాని ఇనుప పట్టా గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. అద్దాలకూ రస్కులకూ అది పనికిరాదు. 1888లో డన్లప్ గాలి నింపిన రబ్బరు టైరుకు పేటెంటు పొందాడు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో సైకిళ్ల కర్మాగారం వెలసింది. సైకిలు చక్రాల బండికి చప్పుడు తక్కువ. చప్పుడు లేకపోతే ఇంట్లోవారికి తెలియదు గనుక గంటో, రబ్బరు హారనో తగిలించుకోవలసి వచ్చింది!

సరుకు నాలుగు రకాలు: రొట్టె, బన్ను, రస్కు, వెన్న బిస్కెట్లు. రొట్టె రెండు మూడు రోజులకు మించి నిలవదు. అదే రొట్టెను ముక్కలు కోసి మళ్లీ కాలిస్తే రస్కు. తడి పోయింది గనుక చాలా రోజులుంటుంది. రొట్టెలవాడి లాభనష్టాలన్నీ ఈ లెక్కమీదే. వానపడి జనం బయటికి రాని రోజున మిగిలిన రొట్టెలు అతని కూలి తినేవి.

మన ఇళ్లలో రొట్టెకు చాలాకాలం వంటింటి ప్రవేశం లేదు. పిండి పులియడానికి కల్లు కలుపుతారని కొందరు ముట్టేవారు కారు. అయినా జ్వరం వచ్చిన పిల్లవాడికి పాలూ రొట్టే పథ్యం. ఆచారం ఎంత గట్టిదైనా జ్వరం ముందు కాస్త వంగేది. అమావాస్యనాడు వీరరాఘవస్వామి కోనేటిలో బెల్లం వేసి, రోగాలు అలాగే కరిగిపోవాలని మొక్కుకొనే తిరువళ్ళూరులో, మొక్కూ పథ్యమూ పక్కపక్కనే నడిచాయి.

తిరుత్తణి కొండకు 365 మెట్లు. బండి మెట్లెక్కదు. ఆడికృత్తికకు కావళ్లతో వచ్చే జనం కొండ దిగాకనే దిగువనున్న బండ్లకు బేరం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. పటం మీద గీత జరిగింది. వీధిలో రెండు భాషలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక ఇంటిముందు ‘రొట్టె’ అనాలి, పక్కింటిముందు ‘రొట్టి’ అనాలి. తేడా ఒక్క గుణింతమే!

ఇంగ్లండులో రొట్టెలవాళ్లు పేర్లు అందంగా రాయించుకొన్న పాత బండ్లు ఇప్పుడు మ్యూజియాలలో ఉన్నాయి. గోవాలో ‘పొదేరు’ సైకిలుమీద గంపతో, హారను మోగిస్తూ నేటికీ తిరుగుతాడు. మన బండిని మాత్రం ఎవరూ దాచలేదు. 1965లో ప్రభుత్వం మోడరన్ బేకరీస్ సంస్థను నెలకొల్పింది. పొట్లంకట్టిన రొట్టె అంగడికే రాసాగింది. వీధి వర్తకుల జీవనోపాధిని కాపాడే చట్టం 2014లో వచ్చింది. అది పండ్ల బండికి, పూల బండికి అందింది. రొట్టెల బండికి ఆలస్యమైంది.

వాడని బండిని ఎవరూ ఊరికే ఉంచుకోరు. చక్రాలు మరో బండికి పోతాయి, అలమర మిగులుతుంది. పాత టీ అంగళ్లలో వడలు పెట్టే అద్దాల పెట్టె కనబడితే ఒకసారి వంగి దాని అడుగు చూడండి. ఇరుసు బిగించిన రంధ్రాలు ఉండవచ్చు.